మాస్టారి ల్యాప్‌టాప్ కోసం సెటప్ ఫైల్: ఆరు వారాల నోట్స్

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో రెండు బీరువాల నిండా తెలుగు పుస్తకాలున్నాయి. బెంగళూరు హూడి చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలు ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళ్తారు. హిందూపురంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఆ లెక్కంతా చూస్తారు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసుకోవడానికి ఆయనకో చిన్న ప్రోగ్రామ్ చేశాను. పైథాన్ భాషలో రాశాను, డేటా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో, అంటే ఒకే ఫైల్‌లో ఉంటుంది. పేరు ‘గ్రంథాలయం’. ఆఫీసులో నేను చూసేది పేరోల్, ఇదంతా రాత్రిళ్లు ఇష్టంగా చేసే పని. ప్రోగ్రామ్ రెండు నెలల్లో అయింది. దాన్ని మాస్టారి ల్యాప్‌టాప్‌లో కుదురుగా కూర్చోబెట్టడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది.

మొదటి వారం

పైథాన్ లేని కంప్యూటర్‌లో కూడా నడిచేలా, పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో ఎగ్జిక్యూటబుల్ (డబుల్ క్లిక్‌తో తెరుచుకునే ప్రోగ్రామ్ ఫైల్) చేశాను. అన్నీ ఒకే ఫైల్‌లో వచ్చేలా చేస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, తెరిచిన ప్రతిసారీ లోపలి సామానంతా టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుని అప్పుడు మొదలవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది. అందుకని అన్నీ విడివిడిగా ఒక ఫోల్డర్‌లో ఉండే పద్ధతే ఎంచుకున్నాను.

ఆ ఫోల్డర్‌ని సెటప్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేసే ఒక్క ఫైల్‌గా మార్చడానికి ఇన్నో సెటప్ తీసుకున్నాను. 1997 నుంచి ఉన్న టూల్ ఇది. స్క్రిప్ట్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు, అందులో ఒక విజార్డ్ ఉంది. ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, ఎక్కడ ఇన్‌స్టాల్ కావాలి, ఏయే ఫైళ్లు, డెస్క్‌టాప్ మీద ఐకాన్ కావాలా అని ఒక్కో స్క్రీన్‌లో అడుగుతూ పోతుంది. చివర్లో స్క్రిప్ట్ తనే రాసి ఇస్తుంది. కంట్రోల్ ఎఫ్9 నొక్కితే అది కంపైల్ అయి సెటప్ ఫైల్ తయారవుతుంది.

మొదటి సెటప్ ఇన్‌స్టాల్ అయింది, ప్రోగ్రామ్ మాత్రం తెరుచుకోలేదు. పైథాన్ డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన లైబ్రరీ ఫైల్) దొరకలేదని ఎర్రర్. పొరపాటు నాదే. పైఇన్‌స్టాలర్ 6 నుంచి లైబ్రరీలన్నీ ‘ఇంటర్నల్’ అనే (పేరు ముందు అండర్‌స్కోర్ ఉంటుంది) సబ్‌ఫోల్డర్‌లో పెడుతుంది. నేను విజార్డ్‌లో ఎగ్జిక్యూటబుల్ చూపించి, తర్వాత ఆ ఇంటర్నల్ ఫోల్డర్‌ని యాడ్ చేశాను. అలా చేస్తే ఫోల్డర్ వెళ్లదు, అందులో ఉన్నవి మాత్రమే వెళ్లి ఎగ్జిక్యూటబుల్ పక్కన పడతాయి. యాడ్ చేసిన వరుస మీద ఎడిట్ నొక్కి, ‘డెస్టినేషన్ సబ్‌ఫోల్డర్’ గడిలో ఆ ఫోల్డర్ పేరు అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయాలి. లేదంటే దాని పైనున్న ఫోల్డర్ మొత్తాన్ని సబ్‌ఫోల్డర్లతో సహా ఇచ్చేయాలి. నేను రెండోదే చేశాను.

రెండో వారం

ఈసారి తెరుచుకుంది. పుస్తకం ఎంట్రీ చేసి సేవ్ కొడితే డేటాబేస్ రీడ్‌ఓన్లీ, అంటే చదవడానికే తప్ప రాయడానికి లేదు అంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కి రాసే హక్కు లేదు, నా డేటాబేస్ ఫైల్ ఉన్నది అక్కడే. ఇక్కడ తేలిక దారి పట్టాను. విజార్డ్‌లో ఇన్‌స్టాల్ మోడ్ దగ్గర అడ్మిన్ అక్కర్లేని పద్ధతి పెట్టాను. అప్పుడు ప్రోగ్రామ్ యూజర్ సొంత లోకల్ యాప్‌డేటా ఫోల్డర్ కింద ఇన్‌స్టాల్ అవుతుంది, అక్కడ రాయడానికి అడ్డు లేదు. మాస్టారి ల్యాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్ పుణెలో ఉన్న వాళ్లబ్బాయికే తెలుసు కాబట్టి అదీ కలిసొచ్చింది. ఎర్రర్ పోయింది. పని అయిపోయిందనుకున్నాను.

సెటప్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపితే డబుల్ క్లిక్ చేయగానే నీలం రంగు హెచ్చరిక వచ్చిందని మాస్టారు కంగారుగా ఫోన్ చేశారు. డిజిటల్ సంతకం లేని కొత్త ఫైల్‌ని నెట్ నుంచి దించుకుంటే విండోస్ అలా ఆపుతుంది. ‘మోర్ ఇన్ఫో’ నొక్కితే ‘రన్ ఎనీవే’ కనిపిస్తుంది. ఫోన్‌లో చెప్పి నొక్కించకుండా కిందకి వెళ్లి పక్కన కూర్చుని చూపించాను. తెలియని ఫైళ్లకి కూడా అలాగే నొక్కేయడం ఆయనకు అలవాటు కాకూడదు కదా.

అయిదో వారం

ఇది రాయడానికి మనసు రావడం లేదు, కానీ రాయాలి.

పుస్తకం తిరిగి ఇచ్చిన తేదీ కూడా కనిపించేలా వెర్షన్ 1.1 చేశాను. విజార్డ్ మళ్లీ మొదటి నుంచి నడిపించి కొత్త సెటప్ తయారుచేసి, ఆదివారం పిల్లలు రాకముందే ఇన్‌స్టాల్ చేశాను. ప్రోగ్రామ్ తెరిస్తే జాబితా ఖాళీ. మాస్టారు మూడు వారాలుగా చేసిన ఎంట్రీలు ఒక్కటీ లేవు.

ఎందుకు పోయాయో అక్కడ కూర్చునే అర్థమైంది. డేటాబేస్ ఫైల్‌ని కూడా ప్యాకేజీలో కలిపి ఇచ్చాను. కొత్త సెటప్ ఆయన ఫైల్ మీద నా ఖాళీ ఫైల్‌ని రాసేసింది. అది తన పని తను సరిగ్గానే చేసింది. ఇచ్చిన ఫైల్‌ని చెప్పిన చోట పెట్టింది. రెండో వారంలో ఆ రీడ్‌ఓన్లీ ఎర్రర్ నాకు చెప్పింది కూడా ఇదే, ‘డేటా ఉండాల్సిన చోటు ఇది కాదు’ అని. నేను ఎర్రర్‌ని తప్పించుకున్నానే తప్ప అది చెప్పేది వినలేదు.

మాస్టారు ఒక్క మాట అనలేదు. సొరుగులోంచి పొడుగు నోటుబుక్ తీశారు. కంప్యూటర్‌లో ఎక్కించినవన్నీ అందులోనూ రాస్తూ వచ్చారట. “నువ్వు ఎక్కించమ్మా, నేను చదువుతాను” అన్నారు. ఎనభై మూడు ఎంట్రీలు. ఆయన వేలు వరుస మీద పెట్టి పిల్లల పేర్లు చదువుతుంటే నేను టైప్ చేస్తూ పోయాను. మధ్యాహ్నం రెండయింది.

అదే వారం, మరమ్మతు

డేటాబేస్‌ని ప్యాకేజీలోంచి పూర్తిగా తీసేశాను. ఇప్పుడు అది లోకల్ యాప్‌డేటాలోనే వేరే ఫోల్డర్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్ తెరవగానే అక్కడ ఫైల్ ఉందా అని చూస్తుంది. లేకపోతే, పాత చోట ఉన్నది కాపీ చేసుకుంటుంది. అదీ లేకపోతేనే కొత్తది సృష్టిస్తుంది. సెటప్‌కి ఆ ఫైల్ సంగతే తెలియదు. అన్‌ఇన్‌స్టాల్ చేసినా తను పెట్టిన ఫైళ్లనే తీస్తుంది కాబట్టి డేటా అలాగే ఉండిపోతుంది.

ఇవన్నీ మాస్టారి మెషీన్ మీద పరీక్షించే పాపం ఇంకోసారి చేయదలుచుకోలేదు. శనివారం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగి, కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాను. అందులో పైథాన్ లేదు, నా ఫోల్డర్లు లేవు. సెటప్‌లో ఏది మరిచిపోయినా వెంటనే బయటపడుతుంది. విండోస్ ప్రో ఉన్నవాళ్లకి శాండ్‌బాక్స్ అనే తాత్కాలిక విండోస్ ఉంది, మూసేస్తే అంతా తుడుచుకుపోతుంది, కొనక్కర్లేదు. నా దగ్గరున్నది హోమ్ ఎడిషన్.

1.0, దాని మీద 1.1 వేసి చూస్తే ఇంకో తప్పు దొరికింది. యాప్స్ జాబితాలో ‘గ్రంథాలయం’ రెండుసార్లు ఉంది. విజార్డ్ నడిపిన ప్రతిసారీ కొత్త యాప్ ఐడీ (ప్రోగ్రామ్‌ని గుర్తుపట్టే కోడ్) ఇస్తుంది, ఐడీ మారితే అది వేరే ప్రోగ్రామ్ కిందే లెక్క. రెండూ ఉన్నది ఒకే ఫోల్డర్‌లో కాబట్టి పాతది అన్‌ఇన్‌స్టాల్ చేస్తే కొత్తదాని ఫైళ్లు కూడా పోయాయి. విజార్డ్ ఒక్కసారే నడపాలి. ఆ స్క్రిప్ట్ దాచుకుని, ఆ తర్వాత అందులో వెర్షన్ నంబర్ మాత్రమే మార్చుకోవాలి.

ఆరో వారం

సెటప్ స్క్రీన్‌లు తెలుగులో రావాలన్నది నా కోరిక. ఆ స్క్రీన్‌ల మీది మాటలుండే డిఫాల్ట్ మెసేజ్ ఫైల్ పక్కన నా తెలుగు ఫైల్ కూడా స్క్రిప్ట్‌లో ఇచ్చాను. రెండోది మొదటిదాని మీద పడుతుంది, అనువదించనివి ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఫైల్‌ని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో బామ్‌తో (ఎన్‌కోడింగ్ ఏదో తెలిపేలా ఫైల్ మొదట్లో ఉండే గుర్తు) సేవ్ చేయాలి, తెలుగు లాంగ్వేజ్ ఐడీ 044ఎ. బటన్ల పేర్లలో షార్ట్‌కట్ కోసం ఉండే ‘అండ్’ (&) గుర్తు తెలుగు అక్షరాల ముందు అనవసరం, తీసేశాను.

ప్రోగ్రామ్ పేరు రావాల్సిన చోట మెసేజ్‌లో ‘నేమ్’ అని బ్రాకెట్లలో ఉంటుంది. నేను దాని వెనక ‘ను’ తగిలించాను. మాస్టారు మొదటి స్క్రీన్ దగ్గరే ఆగిపోయారు. “గ్రంథాలయంను ఏమిటమ్మా? గ్రంథాలయాన్ని” అన్నారు. సున్నాతో ముగిసే పేరుకి విభక్తి చేరితే పేరే మారిపోతుంది, టూల్ ఆ పని చేయలేదు. అన్ని చోట్లా పేరు తర్వాత ‘ప్రోగ్రామ్’ అని చేర్చి, విభక్తి దానికి తగిలించాను.

1.2 మొన్న ఆదివారం ఎక్కింది. యాప్స్ జాబితాలో ఒక్కటే ఉంది, ఎంట్రీలన్నీ ఉన్నాయి. మాస్టారు నోటుబుక్ పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి సరిచూసుకున్నారు. నోటుబుక్ రాయడం ఆపొద్దని నేనే అడిగాను. పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసే బటన్ ఈ శనివారం మొదలుపెడుతున్నాను.