కొత్త నల్ల కారు మీద స్విర్ల్ మార్కులు: బానెట్, ఎడమ వైపు అయ్యాయి

నా కొత్త కారు పెయింటు మీద పడ్డ స్విర్ల్ మార్కుల్ని, అంటే ఎండలో వలయాల్లా కనిపించే సన్నటి గీతల్ని, ఇంట్లోనే పాలిష్ చేసి తీస్తున్నాను. బానెట్, ఎడమ వైపు డోర్లు, ఫెండరు పూర్తయ్యాయి. రూఫ్, కుడి వైపు, డిక్కీ ఇంకా మిగిలాయి. కారు నలుపు కావడంతో చేసిన వైపుకీ చెయ్యని వైపుకీ తేడా ఎండలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, చాలా ఆనందంగా ఉంది.

ఈ గీతలు గుండ్రంగా కనిపిస్తాయి గాని నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ గీసుకుని ఉంటాయి, వెలుగు ఒకే చోటి నుంచి పడితే దానికి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, అందుకే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాల్లా తేలతాయి. మబ్బుగా ఉన్న రోజు ఎంత వెతికినా దొరకవు. షోరూమ్ నీడలో కనపడకపోవడానికీ కారణం ఇదే. నేను పగలు ఎండలోనూ, చీకటి పడ్డాక ఫోన్ టార్చ్‌తోనూ చూసుకుంటున్నాను. గోరు ఆనిస్తే తగలట్లేదంటే క్లియర్ కోటు (రంగు మీద ఉండే పారదర్శకమైన పూత) పైపైనే ఉన్నట్టు, లైట్ పాలిష్‌కి పోతాయి.

మా మండపేట వైపు కొత్త కార్లకి కూడా ఇవి ఇంత తొందరగా ఎందుకు పడతాయంటే, నా ఉద్దేశంలో పెద్ద కారణం మిల్లు నుసి. రైస్ మిల్లుల్లో బాయిలర్లకి ఊకే వాడతారు, ఆ నుసి గాలికి ఎగిరొచ్చి డాబా మీద ఆరేసిన బట్టల మీదా కార్ల మీదా వాలుతుంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ముట్టుకుంటే మెత్తగానే ఉంటుంది, పొడిగుడ్డతో రుద్దితే మాత్రం క్లియర్ కోటుని గీసేస్తుంది. పొద్దున్నే ఎంతో శ్రద్ధగా పాత బనీనుతో కారు తుడిచేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి పొడిగా తుడవకండి. ముందు పైపుతో నీళ్ళు కొట్టి నుసి జారిపోనివ్వండి, తర్వాతే చెయ్యి వెయ్యండి.

వాష్‌కి రెండు బకెట్లు, ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మిట్ (చేతికి తొడుక్కుని కారు కడిగే మెత్తటి గ్లౌజు) జాడించడానికి మంచినీళ్ళు. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి కాబట్టి చివర్లో ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్ళు పోసి, మైక్రోఫైబర్ టవల్ అద్ది ఆరబెట్టాను. ఆ తర్వాత షాంపూ నీళ్ళు చల్లుకుంటూ క్లే బార్ (పెయింటుకి అతుక్కున్న మురికిని పట్టి లాగే బంకముద్ద) లాగాను. కొత్త కారే కదా అనుకున్నా చేతికి గరగరలాడింది, క్లే అయ్యాక జారిపోతోంది. క్లే కింద పడితే మళ్ళీ వాడకూడదు, ఇసుక పట్టేస్తుంది.

పాలిషింగ్ డీఏ (డ్యూయల్ యాక్షన్) మిషన్‌తో. మా బావమరిది వచ్చి చూసి "రోటరీ అయితే తొందరగా అయిపోద్ది కదా బావా" అన్నాడు. అయిపోతుంది, కానీ అది ఉన్నచోటే తిరుగుతుంది, వేడెక్కితే అంచుల దగ్గర పెయింటు లేచిపోతుంది, చెయ్యి అలవాటు లేకపోతే కొత్త గీతలు కూడా వదులుతుంది. డీఏ తిరుగుతూనే ఊగుతుంది, ఇంట్లో చేసుకునేవాళ్ళకి అదే క్షేమం.

ముందు ప్లాస్టిక్ అంచులకి మాస్కింగ్ టేప్ వేసి, బానెట్ మీద ఒక మూల చిన్న చదరం కట్టి, అన్నిటికన్నా మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో పరీక్ష చేశాను. శెనగగింజంత చొప్పున నాలుగు చుక్కలు, స్పీడు 4, మిషన్ బరువు తప్ప చేతి బలం లేదు, నిదానంగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్ళు కలిపి ఇంకోసారి తుడవాలి, లేకపోతే పాలిష్‌లోని నూనెలు గీతల్ని కప్పేసి అన్నీ పోయినట్టే కనిపిస్తాయి, నాలుగు వాష్‌లయ్యాక మళ్ళీ బయటపడతాయి. దాదాపు అన్నీ పోయాయి, రెండు మూడు లోతైనవి ఉండిపోయాయి. వాటిని వదిలేశాను. క్లియర్ కోటు మామూలుగా 40–50 మైక్రాన్లే ఉంటుంది, ఎండ నుంచి రంగుని కాపాడేది అదే, పాలిష్ పెట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, మళ్ళీ పెరిగేది కాదు. దగ్గరికెళ్ళి వెతికితే తప్ప కనపడని గీత కోసం దాన్ని తగ్గించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ చెయ్యాలంటే వేళ చూసుకోవాలి. ఎండెక్కితే బానెట్ కాలుతుంది, పాలిష్ ఎండి అతుక్కుపోతుంది, అందుకని తెల్లారగానే మొదలుపెడుతున్నాను. షెడ్డుకి టార్పాలిన్ కట్టినా గాలి మిల్లు వైపు నుంచి తిరిగిందంటే ఆపేస్తున్నాను, ప్యాడ్ కింద నుసి పడితే చేసిందంతా పాడు. ఒక్కో ప్యానెల్ అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో దులపడం కూడా అందుకే.

తర్వాతది రూఫ్, దానికి స్టూలు కావాలి. మొత్తం అయ్యాకే సీలెంట్ (పెయింటుని కాపాడే పైపూత) వేస్తాను, ఈలోగా చేసిన వైపు మీద వాన పడకుండా లోపలే ఉంచుతున్నాను. కారుకి కవరు మాత్రం వెయ్యను, దాని కింద చేరిన నుసి గాలికి కదిలి మళ్ళీ గీస్తుంది.