బొట్టు తుడిచాకే సెన్సర్

అయోర్టా ఆర్చ్ (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపు) ఆపరేషన్‌కి వచ్చిన పేషెంటుకి నుదుటి మీది బొట్టు, విభూతి, చెమట స్పిరిట్ దూదితో తుడిచి, బాగా ఆరాకే సెరిబ్రల్ ఆక్సిమీటర్ (మెదడు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే యంత్రం) సెన్సర్లు అతికించాలి. మే నెల నెల్లూరు ఎండలో అంబులెన్సు దిగిన మనిషికి తడి నుదుటి మీదే అతికిస్తే ఆపరేషన్ సగంలో లేచొస్తాయి. కనుబొమల పైన కుడికొకటి, ఎడమకొకటి. నడిమధ్యన వద్దు, లోపల పెద్ద సిర ఉంది. మత్తు ఇవ్వకముందే రెండు అంకెలూ రాసుకోవాలి, ఆక్సిజన్ మాస్కు ఉంటే ఆ సంగతీ రాయాలి. మామూలుగా 60-75 దగ్గర ఉంటాయి. తొలి అంకె లేకుండా తర్వాత 52 కనిపిస్తే, అది పడిపోయిన 52నా, ఆయనకి ఎప్పుడూ ఉండేదేనా?

మెదడుకి రక్తం తీసుకెళ్లే కొమ్మలు ఆర్చ్ నుంచే బయల్దేరతాయి కాబట్టి అక్కడ కుట్టాలంటే ప్రవాహం ఆపక తప్పదు. ఒకప్పుడు ఒంటిని 18 డిగ్రీలకు చల్లబరిచి పూర్తిగా ఆపేసేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల 24-28 డిగ్రీల దగ్గర ఆపి, కుడి చంక దగ్గరి ఆక్సిలరీ ధమనికి కుట్టిన 8 మి.మీ. గ్రాఫ్ట్ (కృత్రిమ గొట్టం) గుండా మెదడుకి మాత్రం పంపుతారు. కిలోకి నిమిషానికి సుమారు 10 మి.లీ. లెక్కన 60 కిలోల మనిషికి 600 మి.లీ. కుడి మణికట్టు ధమనిలో పెట్టిన లైనులో ప్రెషర్ 50-70 మధ్య ఉండాలి. ఎక్కువ పంపితే మంచిదే కదా అనుకోవద్దు, మెదడు వాస్తుంది.

అసలు పరీక్ష ఇక్కడే. కుడి అంకె నిలకడగా ఉండి ఎడమది తొలి అంకెలో 20 శాతానికి మించి పడిందంటే, సోమశిల డ్యాంలో నీళ్లు వదిలినా చివరి ఆయకట్టుకి అందనట్టే. మెదడు అడుగున కుడి ఎడమలను కలిపే రక్తనాళాల వలయం కొందరిలో అసంపూర్ణంగా ఉంటుంది. ముందు సెన్సర్ ఊడిందేమో, మెడ తిరిగిందేమో చూడండి. తర్వాత ఎడమ సబ్‌క్లేవియన్‌ని (ఎడమ చేతికెళ్లే ధమనిని) మూశారా అని సర్జన్‌ని అడగండి. అది తెరిచి ఉంటే రక్తం అటే జారిపోతుంది. ప్రవాహం కాస్త పెంచండి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 40 దగ్గరుందా, హెమటోక్రిట్ (ఎర్రకణాల శాతం) మరీ తగ్గిందా చూడండి. అప్పటికీ లేవకపోతే ఎడమ కెరోటిడ్ (మెడ ధమని) లోకి బెలూన్ కాన్యులా (రక్తం పంపే గొట్టం) పెట్టాల్సిందే. రెండు వైపులా ఒకేసారి పడితే వెతకాల్సింది పంపు (గుండె బదులు రక్తం నడిపే యంత్రం) దగ్గర, ప్రెషర్ దగ్గర.

అంకెలు బాగున్నాయి కదా అని ధీమా పడకూడదు. ఆక్సిమీటర్ చూసేది నుదుటి వెనక రెండు మూడు సెంటీమీటర్లే. మెదడు వెనక భాగం, గాలి బుడగలు దానికి కనపడవు. బుడగల్ని పట్టేది కణత మీద పెట్టే డాప్లర్ అల్ట్రాసౌండ్. అయితే కొందరు పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, కణత ఎముక మందమై సిగ్నలే దొరకదు. తిరిగి వేడి చేసేటప్పుడు తొందర పనికిరాదు. పంపు నుంచి పోయే రక్తం 37 డిగ్రీలు దాటకూడదు, వచ్చే రక్తానికీ పోయే రక్తానికీ తేడా 10 డిగ్రీలు మించకూడదు.

కావలి, కందుకూరు, ఉదయగిరి వైపు నుంచి డిసెక్షన్ (అయోర్టా గోడ చీలడం) అనుమానంతో పంపే డాక్టర్లు రెండు చేతుల బీపీ, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయో లేదో చీటీ మీద రాయండి. కుడి చేతి బీపీ బాగా తక్కువుంటే చీలిక ఆ చేతి ధమనిలోకీ పాకి ఉండొచ్చు. అప్పుడు కాన్యులా ఎక్కడ పెట్టాలో, ప్రెషర్ లైను ఏ చేతికి వేయాలో థియేటర్‌కి చేరకముందే తేల్చుకోవచ్చు.