ఫోటోగ్రఫీ ఎంట్రన్స్‌కి నా ప్రిపరేషన్: థియరీని నా ఫోటోల్లోనే చదివాను

ఫోటోగ్రఫీని కాలేజీలో చదవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేవి రెండే: ఏ పుస్తకం చదవాలి, ఏ కెమెరా కొనాలి? జవాబులు చిన్నవే. బేసిక్స్ చెప్పే పుస్తకం ఏదైనా ఒకటి చాలు. మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా, దానితో వచ్చే కిట్ లెన్స్ చాలు, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. థియరీని, పోర్ట్‌ఫోలియోను (ఎంపిక కోసం చూపించే మన ఫోటోల కట్టను) రెండు పరీక్షల్లా విడదీసి చదవకండి. మీరు తీసిన ఫోటోలనే ముందు పెట్టుకుని థియరీ చదవండి.

మాది నెల్లూరు. చెన్నైలో విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) డిగ్రీ చేస్తూ పీజీ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అయ్యాను. మనవాళ్లకి బాగా తెలిసిన దారులు హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫోటోగ్రఫీ బీఎఫ్ఏ డిగ్రీ, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) గాంధీనగర్ క్యాంపస్‌లో ఫోటోగ్రఫీ డిజైన్ ఎం.డెస్ పీజీ. రాత పరీక్ష ఎలా ఉంటుంది, పోర్ట్‌ఫోలియో ఎప్పుడు చూస్తారు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే పూర్తిగా చదవండి.

పోర్ట్‌ఫోలియో కోసం ఊరంతా తిరగకుండా ఒక్క చోటు పట్టుకున్నాను. చెన్నై జార్జ్ టౌన్‌లో కొత్వాల్ చావడి. 1996లో హోల్‌సేల్ కూరగాయల మార్కెట్ కోయంబేడుకి వెళ్లిపోయేదాకా నగరానికి కూరగాయలు అక్కడి నుంచే వెళ్లేవి. పక్కనే కన్యకా పరమేశ్వరి గుడి, తరతరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబాలు. మొదట్లో కెమెరా బ్యాగులోనే ఉంచి కొట్లవాళ్లతో మాట్లాడేవాణ్ణి. "ఏ ఊరు బాబూ మీది?" అని వాళ్లు తెలుగులో అడిగితే సగం టెన్షన్ పోయేది. ఫోటో తీశాక 4×6 ప్రింట్ వేయించి తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి. ప్రింట్ చేతికిచ్చిన కొట్లో మళ్లీ ఎప్పుడు వెళ్లినా కూర్చోమనేవారు. దీన్ని మంచితనం కోసం మాత్రమే చెప్పడం లేదు. మనిషి అనుమతితో, దగ్గరగా నిలబడి తీసిన ఫోటోకీ, రోడ్డుకి అవతలి నుంచి జూమ్ చేసి లాగిన ఫోటోకీ తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది.

ఇక థియరీ ఆ వీధిలో ఎలా చదివానో చెప్తాను. పొద్దున్నే సందులో వెలుతురు తక్కువ. కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 400 పెడితే షట్టర్ 1/15 సెకనుకి దిగిపోతుంది. ఆ స్పీడ్‌లో కొట్టు, బోర్డు, తక్కెడ స్పష్టంగా వస్తాయి, మూట మోసుకెళ్తున్న హమాలీ మాత్రం చెదిరిపోతాడు. ఐఎస్ఓ 3200కి పెంచితే మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే రెట్టింపు) కలిసొచ్చి షట్టర్ 1/125 అవుతుంది. మనిషి నిలుస్తాడు, ఫోటోలో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు) పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏది కావాలన్నది లెక్క చెప్పదు, మీరే తేల్చుకోవాలి. నేను చెదిరిన హమాలీనే ఉంచాను. ఆ వీధిలో ఎవరూ ఒకచోట నిలవరు, ఫోటోలో అదే కనబడాలనుకున్నాను.

ఇలా చదివితే రాత పరీక్షలో లెక్కలు భయపెట్టవు. ఎఫ్/16 దగ్గర 1/125 సరిపోతే ఎఫ్/5.6 దగ్గర ఎంత? 16, 11, 8, 5.6 అని మూడు మెట్లు దిగాం, వెలుతురు ఎనిమిది రెట్లయింది, కాబట్టి 1/1000. ఫ్లాష్‌ని రెట్టింపు దూరం జరిపితే మనిషి మీద పడే వెలుతురు నాలుగో వంతే. ఇవి చేత్తో చేసి చూడండి, గుర్తుపెట్టుకోవడానికి కష్టపడక్కర్లేదు.

చరిత్రలో 1839, డాగ్యురె (తొలి ఫోటో పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన ఫ్రెంచ్ మనిషి) అనే ఒక్క వాక్యంతో ఆగిపోకండి, మన పక్కనే బోలెడంత ఉంది. చెన్నైలో ఇప్పుడున్న ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టర్ పెట్టిన స్కూలే. 1856లో లిన్నేయస్ ట్రైప్ మద్రాస్ ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1858లో ఆయన తంజావూరు పెద్ద గుడి పీఠం మీది శాసనాన్ని 21 ప్రింట్లు అతికించి ఒకే పొడవాటి ఫోటోగా చేశాడు. ఆయన వాడిన కాగితం నెగటివ్‌కి ఎక్స్‌పోజర్ (వెలుతురు పడనివ్వడం) ఎక్కువసేపు ఇవ్వాలి. కదిలే మనిషి అందులో నిలవడు, అందుకే ఆయన ఫోటోల్లో గుళ్లు అంత ఖాళీగా కనిపిస్తాయి. నా 1/15 ఫోటో చూపిస్తూ ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పాను. మాటలు అక్కడి నుంచి చాలాసేపు సాగాయి.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పోర్ట్‌ఫోలియోకి ఫోటోలు ఏరడానికి పెట్టండి. నా దృష్టిలో ఫోటోగ్రఫీ చదువంటే సగం ఇదే. చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరిచి, ఒకే మాట చెప్తున్న రెండు ఫోటోలుంటే ఒకటి తీసేయండి. బాగా వచ్చిందని కాకుండా, పక్క ఫోటోకి అది ఏం కలుపుతోందని అడగండి. సూర్యాస్తమయాలు, పూల క్లోజప్‌లు అక్కడే రాలిపోతాయి. వరస పెట్టడం నేర్చుకోవడానికి, 2016లో మొదలైన చెన్నై ఫోటో బినాలే (పెద్ద ఫోటో ప్రదర్శన) జరిగే ఏడాదైతే తప్పకుండా వెళ్లండి. ఒక్కో గోడ ముందు నిలబడి, ఈ ఫోటో తర్వాత అది ఎందుకు పెట్టారో నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇంట్లో అడిగే ప్రశ్న కూడా మీకు తెలుసు: "పెళ్లి ఫోటోలు తీయడానికి డిగ్రీ ఎందుకురా?" మా నాన్నగారూ అడిగారు. పెళ్లి ఫోటోగ్రాఫర్ పని చిన్నదని నేనెప్పుడూ అనుకోలేదు, అదే చెప్పాను. ఆ తర్వాత నా ప్రింట్లు వరసగా ఆయన ముందు పెట్టి ఒక్కోటీ ఎందుకు తీశానో చెప్పాను. ఇంటర్వ్యూకి అంతకంటే మంచి ప్రాక్టీస్ నాకు దొరకలేదు. ఫోటోగ్రఫీ భాష తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ప్యానెల్ ముందు తడబడరు.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లకి ఒక మాట. చిన్న వాక్యాల్లో, ఫోటో మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పండి. నన్ను అడిగినవన్నీ అలాంటివే: వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఈయన నీకు తెలుసా, ఈ వరసలో ఒకటి తీసేయమంటే ఏది తీస్తావు? చివరిదానికి జవాబు ముందే అనుకుని వెళ్లండి. ప్రింట్లతో పాటు ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. క్రాప్ చేయకముందు ఫ్రేమ్ ఎలా ఉందో చూపించమని నన్ను అడిగారు.