ఐగై మట్టిదిబ్బ నుంచి పెల్లా గులకరాళ్ళ దాకా

గ్రీసులోని థెస్సలొనీకి నగరంలో దిగిన రోజే మాసిడోనియా రాజుల కథ ఊరి పేరుతో మొదలైంది. థెస్సలొనీకి ఒక రాజకుమార్తె పేరు. ఆమె మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ కూతురు, అలెగ్జాండర్‌కు సవతి చెల్లెలు. అలెగ్జాండర్ చనిపోయిన తరువాత మాసిడోనియాను చేజిక్కించుకున్న కసాండర్‌కు సైన్యం ఉంది గాని రాజరక్తం లేదు. అందుకే ఆమెను పెళ్ళాడి, క్రీ.పూ. 315 ప్రాంతంలో సముద్రతీరాన కొత్త నగరం కట్టించి, దానికి భార్య పేరు పెట్టాడు. అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్‌ను చంపించింది ఆ కసాండరే. మరికొన్నేళ్ళకు అలెగ్జాండర్ భార్య రొక్సానానూ, ఇంకా బాల్యం వీడని కొడుకు నాలుగవ అలెగ్జాండర్‌నూ చంపించిందీ అతనే.

మరునాడు పొద్దున్నే, జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయీ నేనూ బస్సులో వేరియా వెళ్ళి, అక్కడి నుంచి వెర్గినా చేరుకున్నాము. దారి పొడవునా పీచ్ తోటలు, వాటి మధ్యగా అలియాక్మోన్ నది కనిపించాయి. మాసిడోనియా రాజుల పాత రాజధాని ఐగై ఇప్పటి వెర్గినాయే. రాజధాని పెల్లాకు తరలిపోయాక కూడా రాజులను ఇక్కడే సమాధి చేసేవారు.

బయటి నుంచి చూస్తే అది పచ్చగడ్డి మొలిచిన పెద్ద దిబ్బ మాత్రమే. వాలుగా దిగే దారిలో లోపలికి వెళితే చీకటి, ఆ చీకటిలో దీపాల కింద బంగారం. 1977లో పురావస్తు శాస్త్రవేత్త మనోలిస్ ఆండ్రోనికోస్ ఈ దిబ్బను తవ్వి, దొంగల చెయ్యి పడని రాజసమాధిని వెలికి తీశాడు. అందులోని బంగారు ఓక్ ఆకుల కిరీటం ముందు మేము చాలాసేపు నిలబడిపోయాము. దానికి 313 ఆకులు, 68 ఓక్ కాయలు ఉన్నాయి. ప్రతి ఆకునూ పల్చటి బంగారు రేకు నుంచి కత్తిరించి, అంచున వంపులు తీర్చి, విడిగా కొమ్మకు అతికించారు. ఆ పని చేసిన కంసాలి చేతి నేర్పు చూస్తుంటే, ఇలాంటి వారిని పోషించడానికి ఆ రాజులు ఎందుకంత తాపత్రయపడ్డారో అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

ఈ సమాధి రెండవ ఫిలిప్‌దా, లేక అతని మరో కొడుకు అర్రిడియస్‌దా అన్న వాదం పండితుల మధ్య నేటికీ సాగుతోంది. పక్కనే ఉన్న మూడవ సమాధిలో వెండి కలశంలో దొరికిన ఎముకలు మాత్రం ఒక కుర్రవాడివి. అతడు నాలుగవ అలెగ్జాండరే అయివుంటాడని ఎక్కువమంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం నిజమైతే, కసాండర్ చంపించిన పిల్లవాడు రాజలాంఛనాలతో, కలశం మీద బంగారు దండతో ఇక్కడ పడుకున్నాడన్నమాట. ఆ గాజుపెట్టె ముందు నుంచి మా అమ్మాయి మాట్లాడకుండా తప్పుకుంది.

సమాధుల నుంచి కొండవాలు ఎక్కితే పాత నాటకశాల, దానికి పైన ఫిలిప్ రాజభవనం ఉన్నాయి. క్రీ.పూ. 336లో ఫిలిప్ తన కూతురు క్లియోపాత్రా పెళ్ళి వేడుకను ఈ నాటకశాలలోనే జరిపించాడు. పన్నెండుగురు దేవతల విగ్రహాల వెనుక పదమూడవదిగా తన విగ్రహాన్ని ఊరేగించి, అంగరక్షకులను దూరంగా ఉండమని, తెల్లని వస్త్రంతో ఒంటరిగా లోపలికి నడిచాడు. ఆ అంగరక్షకుల్లో ఒకడైన పౌసానియస్ అక్కడే అతన్ని పొడిచి చంపాడు. దేశదేశాల అతిథుల ముందు తన వైభవాన్ని ప్రదర్శించడానికి రాజు ఏర్పాటు చేసుకున్న వేదికే అతని వధ్యశిల అయింది. ఇప్పుడక్కడ గడ్డి, నాలుగు రాళ్ళు, గాలి తప్ప మరేమీ లేవు.

పెద్దకొడుకుకే సింహాసనం అన్న కట్టుబాటు ఆ రాజ్యంలో లేదు. రాజులు పలువురు భార్యలను చేసుకునేవారు, ఫిలిప్‌కు ఏడుగురు. రాజవంశంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ హక్కుదారే; ఎవరికి సర్దారుల, సైన్యపు అండ దొరికితే వాడే రాజు. క్రీ.పూ. 399లో రాజు ఆర్కెలావుస్ హత్య జరిగాక ఆరేడేళ్ళలోనే సింహాసనం పలు చేతులు మారింది. అలాంటి చోట రాజైనవాడు రాజులా కనిపించకపోతే నిలవలేడు. విందులో, వేటలో, పూజలో, నాటకశాలలో తన గొప్పతనాన్ని అందరూ కళ్ళారా చూడాలి. కవులనూ చిత్రకారులనూ కొలువుకు పిలవడం ఆ రాజులకు విలాసం కాదని, అది సింహాసనాన్ని నిలబెట్టుకునే ప్రయత్నంలో భాగమని నాకు అర్థమైంది ఈ కొండవాలు మీదే.

ఆర్కెలావుస్ కథ మా అమ్మాయికి నేను చెప్పింది పెల్లాకు వెళ్ళే దారిలో. ప్లేటో రాసినదాని ప్రకారం అతడు బానిస స్త్రీకి పుట్టినవాడు. పినతండ్రినీ, అతని కొడుకునూ విందుకు పిలిచి, తాగించి చంపాడు. ఆ తరువాత రాజ్యానికి అసలు వారసుడైన ఏడేళ్ళ తమ్ముణ్ణి బావిలోకి తోసి, బాతు వెంట పరుగెత్తుతూ పడిపోయాడని ఆ పిల్లవాడి తల్లితో చెప్పాడు.

“ఇలాంటివాడి దగ్గరికి కవులు ఎలా వెళ్ళారు నాన్నా?” అని అడిగింది.

“వెళ్ళినవాళ్ళూ ఉన్నారమ్మా, వెళ్ళనివాళ్ళూ ఉన్నారు,” అన్నాను.

వెళ్ళినవారిలో పెద్దవాడు నాటకకర్త యూరిపిడిస్. ముసలితనంలో ఏథెన్స్ విడిచి వచ్చి, క్రీ.పూ. 406లో మాసిడోనియాలోనే కన్నుమూశాడు. రాజు పేరే ఉన్న ఒక పూర్వీకుణ్ణి నాయకుడిగా పెట్టి అతడు రాసిన నాటకంలో ఇప్పుడు తునకలే మిగిలాయి. ఆ కథ రాజవంశాన్ని దక్షిణ గ్రీసులోని ఆర్గోస్ నగరానికీ, గ్రీకు పురాణవీరుడు హెరాక్లీస్‌కూ ముడిపెడుతుంది. మాసిడోనియావాళ్ళు అసలు గ్రీకులేనా అని దక్షిణాది నగరాలు సందేహిస్తున్న కాలంలో, పుట్టుక మీద మచ్చ ఉన్న రాజుకు అంతకన్నా విలువైన కానుక ఏముంటుంది? మరో కవి అగాథాన్ కూడా వచ్చాడు. చిత్రకారుడు జ్యూక్సిస్ రాజు ఇంటిని చిత్రాలతో నింపాడు. సోక్రటీస్ మాత్రం పిలుపును కాదన్నాడు. పొందిన మేలుకు సాటి మేలు చేయలేకపోవడం అవమానమని అతడు చెప్పిన కారణాన్ని అరిస్టాటిల్ నమోదు చేశాడు. ఆ అరిస్టాటిల్ తండ్రి మాసిడోనియా రాజు అమింటాస్‌కు వైద్యుడు. అరిస్టాటిల్ స్వయంగా ఫిలిప్ పిలుపు మీద వచ్చి అలెగ్జాండర్‌కు గురువయ్యాడు.

అయితే ఆర్కెలావుస్‌ను హంతకుడన్న ఒక్క మాటతో తీసిపారేయలేము. అతడు కోటలు కట్టించి, తిన్నని రహదారులు వేయించి, గుర్రాలనూ ఆయుధాలనూ సమకూర్చడంలో తన ముందటి ఎనిమిదిమంది రాజులు కలిసి చేసినదానికన్నా ఎక్కువ చేశాడని థ్యూసిడిడిస్ అంతటి చరిత్రకారుడు రాశాడు. ఏథెన్స్ ఓడలకు మాసిడోనియా కలప అందించి ఆ నగరం చేత గౌరవం పొందాడు. కవుల పోషణా, రహదారులూ, బావిలో పిల్లవాడూ అన్నీ ఒకే పాలనలోవి, ఒకదాన్ని వదిలి మరొకదాన్ని చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కవులను కొలువుకు పిలిచే ఆ పద్ధతి పాత వంశంతోనే ముగిసిపోలేదు. క్రీ.పూ. 277లో ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చిన గాల్ జాతి దండును ఓడించి రాజ్యం సంపాదించిన ఆంటిగొనస్ గొనాటాస్‌కూ పాత రాజవంశపు వారసత్వం లేదు. అతడూ పెల్లాకు కవి అరాటస్‌ను పిలిపించుకున్నాడు. తత్త్వవేత్త జీనోను పిలిస్తే, ఆయన తాను రాకుండా శిష్యుడు పెర్సియస్‌ను పంపాడు. కిరాయి గాల్ సైనికులు ఐగైలోని రాజసమాధులను దోచుకున్నది ఇతని కాలంలోనే. మిగిలిన సమాధులను కాపాడడానికి ఆ మహా దిబ్బను పోయించింది ఇతడే కావచ్చునని ఆండ్రోనికోస్ భావించాడు. ఈ రాజు పేరు నాకు మరోలా దగ్గరిది. అశోకుడి పదమూడవ శిలాశాసనం పేర్కొన్న యవన రాజుల్లో ‘అంతికిని’ ఇతడేనని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కిన పద్నాలుగు శాసనాల్లో ఆ పదమూడవదీ ఉంది. ఎర్రగుడి బండల దగ్గర నిలబడినప్పుడు ఊహకు అందని ఊరు ఇప్పుడు నా కాళ్ళ కింద ఉంది.

పెల్లాలో జ్యూక్సిస్ రంగులు వేసిన గోడ ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవి ధనికుల ఇళ్ళలోని గులకరాళ్ళ నేలచిత్రాలు. సింహపు వేట చిత్రం మీదికి వంగి చూస్తే, వేటగాళ్ళ ఒళ్ళంతా తెలుపు, బూడిద, పసుపు ఛాయల చిన్న రాళ్ళేనని తెలుస్తుంది. జింక వేట చిత్రంలో పైన, నల్లని నేల మీద తెల్లని గులకరాళ్ళతో పేర్చిన అక్షరాలు ఉన్నాయి. మా అమ్మాయి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. “గ్నోసిస్ చేశాడు” అని వాటి అర్థం. ఇల్లు ఎవరిదో ఎక్కడా రాసి లేదు.