మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు

ఇంజనీరింగ్ రెండో ఏడాది ముగిసేసరికి నాకు ఏడు బ్యాక్‌లాగ్‌లు. పుస్తకం తెరిస్తే రెండో పేరాకు వచ్చేసరికి మొదటిది ఆవిరైపోయేది. ఫ్యాను కిర్రుమనే చప్పుడు, పక్క గదిలో మాటలు, ఇంకా రాయని ల్యాబ్ రికార్డు అన్నీ ఒక్కసారే తలలో దూరేవి. సిగరెట్టు వెలిగిస్తే మాత్రం పది నిమిషాలు అక్షరాలు కుదురుగా నిలబడేవి. పరీక్షల ముందు రాత్రికి ఒక పెట్టె. ఆ తర్వాత నిద్ర పట్టక గంజాయి. చదువు కోసమే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

"సోమరితనానికి మందుండదురా" అనేవారు నాన్న.

అమ్మే మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ గంజాయి సంగతి అడిగాక, చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురు లేకుండా ఉండే సమస్య) అనాలంటే 12 ఏళ్లలోపే ఆ లక్షణాలు కనబడి ఉండాలట. బీరువా అడుగున పాత చీరల కింద మూడో తరగతి కార్డు దొరికింది. మార్కుల కింద ఎర్ర సిరాతో టీచరు రాశారు: "తెలివైనవాడు. కాలు నిలవదు. వారానికో పెన్సిల్ పోగొడతాడు." నాన్న దాన్ని చాలాసేపు చూశారు. "నా కార్డులు దాచలేదు గానీ, ఉంటే ఇంతకన్నా ఘోరం" అన్నారు. ఇది కుటుంబాల్లో వస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఆ తర్వాత ఇంట్లో సోమరితనం మాట వినబడలేదు.

గంజాయి మానేవరకు ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ రాయనన్నారు ఆవిడ. అది మాదకద్రవ్యాలను అదుపుచేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు. బదులుగా అటమాక్సెటిన్ ఇచ్చారు. దాని గుణం తెలియడానికి వారాలు పడుతుందట. నాకు మొదట తెలిసింది నోరెండటం, వికారమే.

గంజాయి ఆపిన మొదటి వారం మాత్రం నరకం. చెమటలు, భయంకరమైన కలలు, కారణం లేని కోపం. ఒకరోజు స్టీలు గ్లాసు గోడకు విసిరాను. సొట్టపడిన ఆ గ్లాసుతోనే అమ్మ ఇప్పటికీ బియ్యం కొలుస్తుంది, కావాలనే అని నా అనుమానం.

ఏడాది దాటింది. గంజాయి జోలికి పోలేదు. సిగరెట్టు మాత్రం రెండుసార్లు మళ్లీ మొదలైంది, ఇప్పుడు నికోటిన్ గమ్ నములుతున్నాను. బ్యాక్‌లాగ్‌లు రెండే మిగిలాయి. అందులో ఒకటి గణితం. దాని నేరం మాత్రం ధ్యాసతో ముడిపడిన మెదడు రసాయనం డోపమైన్ మీదికి నెట్టలేను.