చిలుకూరు కార్డులో మిగిలిన 44 గళ్లు

మా అమ్మాయికి వీసా వస్తే 108 ప్రదక్షిణలు చేస్తానని చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నాను. ముందు 11 తిరిగి కోరిక చెప్పుకోవడం, అది తీరాక 108 తిరగడం అక్కడి ఆనవాయితీ. వీసా వచ్చింది. కానీ నేను పదకొండేళ్లుగా షుగరుతో ఉన్నదాన్ని, అందులో ఆరేళ్లు ఇన్సులిన్ మీద. చెప్పుల్లేకుండా అన్ని చుట్లంటే భయమేసి, ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అరికాలు అక్కడక్కడా నొక్కుతూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. కుడి బొటనవేలి కింద రెండుసార్లు నొక్కిందట, నాకు తెలియనే లేదు. మంటలూ తిమ్మిర్లూ లేవు కదా, నా కాళ్లు బాగానే ఉన్నాయనుకున్నాను ఇన్నాళ్లూ! షుగరున్న వాళ్లందరూ ఈ పరీక్ష ఏడాదికోసారైనా చేయించుకోవాలని అప్పుడే తెలిసింది. గుడిలో తెల్లటి నూలు సాక్సులు వేసుకో, పైన బిగుతు పట్టీ ఉండకూడదు అంది. తెల్లవైతే నెత్తుటి మరక వెంటనే కనబడుతుంది.

ఆ రోజు పొద్దుటి ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ఆవిడే రాసిచ్చింది. తొడకు కాకుండా పొట్టకు చేసుకోమంది. నడిచేటప్పుడు కాళ్లకు రక్తం ఎక్కువగా పారి, తొడలో వేసిన మందు తొందరగా ఒంట పడుతుందట. శనివారం ఒక్కపొద్దు నాకు చిన్నప్పటి అలవాటు. ఇన్సులిన్ చేసుకుని పస్తుంటే గుడిలోనే పడిపోతావని ఆవిడ గట్టిగా చెప్పడంతో బుధవారానికి మార్చుకున్నాం. రద్దీ కూడా తక్కువ.

ఇంజెక్షన్ చేసుకుని, తినడం తర్వాత చూద్దామని బస్సెక్కితే మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఏమవుతుందో చెప్పలేం. అందుకని ఇంట్లోనే ఇడ్లీలు తిని బయల్దేరాం. సంచీలో గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు, నీళ్లు. మా ఆయన రెండు లడ్డూలు కూడా పెట్టాడు.

ఎండ ముదరకముందే మొదలుపెట్టాను. చేతిలో కార్డు, ఒక్కో చుట్టుకూ ఒక్కో గడి కొట్టేస్తూ, గోవింద నామం చెప్పుకుంటూ తిరుగుతుంటే కాళ్లు వాటంతటవే సాగాయి. మధ్యలో ఎవరో అరటిపండు ముక్క ప్రసాదమని చేతిలో పెడితే తిన్నాను. 64 దగ్గర గుండె దడ. చేతులు వణుకుతున్నాయి.

"చెమటలేంది గిట్ల? కూసో జర," అంటూ ఆయన పక్కకు తీసుకెళ్లాడు.

మీటరు 194 చూపించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ చేసుకునే వాళ్లుంటారు, అదే నన్ను ఇప్పటికీ వణికిస్తుంది. వేళ్లు జిగటగా తగిలి అనుమానమొచ్చింది. నీళ్లతో కడిగి, పొడిగా తుడుచుకుని మళ్లీ చూస్తే 61. మొదటిసారి మీటరు చూపించింది నా రక్తంలోది కాదు, వేలికంటిన పండు తీపి. 70 కన్నా తగ్గితేనే ప్రమాదం మొదలైనట్టు.

ఆయన లడ్డూ తీశాడు. వద్దన్నాను. నెయ్యి కలిసిన తీపి నెమ్మదిగా గానీ రక్తంలోకి చేరదు. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చున్నాం. మళ్లీ చూస్తే 98. అప్పుడు నాలుగు బిస్కెట్లు తిన్నాను. మిగిలినవి ఇంకో రోజు తిరుగుతానని స్వామికి చెప్పుకుని, దండం పెట్టి వచ్చేశాను. బాధ లేకపోలేదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చి సాక్సులు విప్పితే కుడి బొటనవేలి దగ్గర పప్పుగింజంత ఎర్రటి మరక. నొప్పి లేదు. ఆ నైలాన్ దారం తెలియని చోటే బొబ్బ వచ్చి చిట్లింది. కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, మర్నాడే చూపించుకున్నాను. ఎక్కువ నడిచిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చన్నారని, పడుకునే ముందు మరోసారి చూసుకున్నాను.

పుండు మానుతోంది. కార్డు దేవుడి గూట్లో ఉంది, 44 గళ్లు ఖాళీగా. డాక్టరమ్మ సరేనన్న రోజున మళ్లీ వెళ్తాను.