పోటుకూ పాటుకూ మధ్య: గౌతమి మొగలో రెండు రోజులు

గోదావరి పాయ గౌతమిలో, అది సముద్రంలో కలిసే మొగ దాకా, నీటి నమూనాలు పట్టి పరీక్షించాలని బయల్దేరాం. యానాం రేవు మెట్ల పక్కన పాతిన వెదురు కర్రకు ముందురోజు సాయంత్రమే సెంటీమీటర్ల గీతలు గీసి పెట్టాం. తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే నీరు ఇంకా గీతలెక్కుతూనే ఉంది. పట్టికల్లో దొరికేది కాకినాడ రేవు పోటు వేళ. ఆ పోటు గౌతమి పాయలో పైకి వచ్చేకొద్దీ ఆలస్యంగా అందుతుంది. ఎంత ఆలస్యమో ఏటి లోతును బట్టి, పైనుంచి దిగే నీటిని బట్టి మారుతుంటుంది. అందుకే పట్టిక ఒక్కటే నమ్ముకుంటే పని చెడుతుంది. పావుగంటకోసారి కర్ర చూసి వేళతో సహా రాసుకోవడానికి ఖర్చేమీ లేదు, తర్వాత అన్ని లెక్కలకూ అదే ఆధారం.

డిసెంబరును కావాలనే ఎంచుకున్నాం. వరద నెలల్లో ధవళేశ్వరం గేట్లు ఎత్తి ఉంటాయి కాబట్టి మొగ దాకా తీపినీరే. వేసవికి కాలువలకు పోగా కిందికి వదిలేది దాదాపు ఏమీ ఉండదు, సముద్రం తాపీగా ఏట్లోకి ఎక్కి కూర్చుంటుంది. ఈ రెండింటి మధ్య కొన్ని వారాలు మాత్రం తీపి నుంచి ఉప్పు దాకా అన్ని మెట్లూ ఒకే పాయలో, ఒకరోజు పడవ ప్రయాణంలో దొరుకుతాయి. పున్నమి దాటిన రెండో రోజు బయల్దేరాం. పెద్ద పోటు అసలు పున్నమి నాడు కాక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావడం మామూలే. మర్నాడు మడ అడవిలో దిగడానికి నీరు బాగా తీయాలి, అందుకూ ఈ తిథే అనుకూలం. నీటి పొరలు విడివిడిగా కనిపించాలంటే మాత్రం అష్టమి నాటి చిన్న పోటు మేలు. పెద్ద పోటులో ఏరు తనను తానే కలిపేసుకుంటుంది. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు.

పడవ చిన్నది, సరంగుతో కలిపి ఐదుగురం. ఎనిమిది మజిలీలు, ఒక్కోచోట పైనీరు, అడుగునీరు, అంటే పదహారు నమూనాలు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడానికి ఒక్కో నమూనాకు రెండేసి చొప్పున 125 మిల్లీలీటర్ల గాజు సీసాలు 32, పగిలేవాటి కోసం మరో ఆరు. ప్రతి సీసా అసలు కొలతను ముందే నీటితో తూచి మూతా సీసా రెండింటి మీదా ఒకే అంకె వేసి ఉంచాలి. ఒక సీసా మూత ఇంకోదానికి పెడితే కొలత మారిపోతుంది. పడవ ఊగేటప్పుడు జరిగే మొదటి పొరపాటు ఇదే.

మజిలీలను ఊళ్ల పేర్లతో పెట్టుకోలేదు, ఉప్పుదనంతో, అంటే కిలో నీటిలో సుమారు ఎన్ని గ్రాముల ఉప్పుందో దాన్ని బట్టి పెట్టుకున్నాం: సున్నా, 2, 5, 10, 15, 20, 25, మొగ బయట దొరికినంత. ఎదుర్లంక వంతెన స్తంభం కదలదు గానీ దాని కింద నీరు కదులుతుంది. ప్రవాహం గరిష్ఠ వేగం సెకనుకు అర మీటరే అనుకున్నా ఒక పోటులో నీటిముద్ద సుమారు ఏడు కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పొద్దున స్తంభం దగ్గర పట్టిన నీరూ మధ్యాహ్నం అక్కడే పట్టిన నీరూ ఒకటి కావు. ఈ సంగతి పట్టించుకోకుండా నెలకోసారి ఒకే చోట సీసా ముంచి ‘ఈ నెల కాలుష్యం పెరిగింది’ అని రాసే నివేదికల్లో పెరిగింది కాలుష్యమో, మారింది పోటు వేళో తెలియదు.

సరంగును పోటుకు ఎదురుగా, అంటే కిందికి నడపమన్నాం. పోటుతో కలిసి పైకి వెళ్తే నీరు కూడా మనతో వస్తుంటుంది, ఉప్పుదనం ఒక మెట్టు మారడానికి చాలా దూరం పోవాలి. ఎదురు వెళ్తే మెట్లు చకచకా ఎదురొస్తాయి. తీపినీటి నుంచి ఉప్పునీటి వైపు వెళ్లడంలో ఇంకో లాభం ఉంది: బకెట్లోనో గొట్టంలోనో మిగిలిన చుక్క తర్వాతి నమూనాను పెద్దగా చెడగొట్టదు. ఉప్పుదనం చూసే మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి దాన్నుంచి లెక్కకడుతుంది. దాని గదిలో ఒక్క గాలిబుడగ చిక్కినా అంకె తక్కువ చూపుతుంది. దించగానే రెండుసార్లు కుదిపి, అంకె నిలకడగా నిలిచాకే రాసుకోవాలి.

మూడో మజిలీ నుంచి పొరలు కనబడసాగాయి. తేలికైన ఏటినీరు పైన జారిపోతుంటే బరువైన సముద్రపు నీరు కిందనుంచి మేకులా దూరుతుంది. అందుకే అర మీటరుకోసారి ఆగి కొలవాలి. పైన ఒకసారి, అడుగున ఒకసారి కొలిచి సగటు వేస్తే అసలు మెట్టు ఎక్కడుందో దొరకదు. అడుగునీటికి నిస్కిన్ సీసా దించాం. రెండు కొసలా తెరిచి ఉండే గొట్టం అది. తాడు వెంబడి ఇత్తడి బరువు వదిలితే తగలగానే మూతలు పడతాయి. ప్రవాహంలో తాడు వాలిపోతుంది, ఐదు మీటర్ల తాడు వదిలినంత మాత్రాన ఐదు మీటర్ల లోతు కాదు. వాలు 30 డిగ్రీలుంటే అసలు లోతు 4.3 మీటర్లే. సీసా అడుగును తాకితే బురద లేచి నమూనా మొత్తం పాడవుతుంది, అందుకని అర మీటరు పైనే ఆపాలి. లంగరు వేసిన చోట బురద లేస్తుంది కనుక సీసాను పడవ ముందువైపు, ప్రవాహం ఎదురొచ్చే పక్కన దించాలి.

ఆక్సిజన్‌కు మీటర్లున్నా వాటిని సరిచూడటానికి 1888లో రసాయన శాస్త్రవేత్త వింక్లర్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. నిస్కిన్ నుంచి సన్నని గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, బుడగ లేకుండా నింపి, సీసాకు రెండు మూడు రెట్ల నీరు పొర్లిపోనివ్వాలి. ఏ పరీక్షకైనా ముందు ఈ సీసాలే నింపాలి. నిస్కిన్‌లో నీరు తగ్గేకొద్దీ లోపలికి గాలి చేరుతుంది మరి. తర్వాత మాంగనీస్ ద్రావణం ఒక మిల్లీలీటరు, క్షార అయొడైడ్ ఒక మిల్లీలీటరు, పిపెట్ కొస నీటిలోపల ఉంచి వదలాలి. మూత పెట్టి ఇరవైసార్లు తలకిందులు చేస్తే గోధుమరంగు ముద్ద దిగుతుంది. ముద్ద తెల్లగానే ఉండిపోతే ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేనట్టే. మురుగు కలిసే చోట నైట్రైట్ లెక్కను పెంచేస్తుంది, అక్కడ అయొడైడ్‌లో సోడియం అజైడ్ కలిపినది వాడాలి. పడవలో ఇంతవరకే. సీసాల మెడలు నీటిలో మునిగేలా చీకటి పెట్టెలో ఉంచి ఒడ్డుకు తెచ్చాకే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు వేశాం. ఊగే పడవలో ఆమ్లం ఒలికితే మనిషికి ప్రమాదం, బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే గీతల గొట్టం) అంకె కూడా నమ్మదగింది కాదు.

ఆమ్లం పడ్డాక ముద్ద కరిగి, ఉన్న ఆక్సిజన్‌కు తగినంత అయొడిన్ బయటికొస్తుంది. ఒడ్డున అందులో 50 మిల్లీలీటర్లు తీసుకుని, లేత గడ్డిరంగు వచ్చేదాకా బ్యూరెట్ నుంచి 0.01 నార్మల్ థయోసల్ఫేట్‌ను చుక్కలుగా దించి, అప్పుడు పిండి ద్రావణం వేస్తే నీలం. ఆ నీలం పోయే చుక్క దగ్గర ఆపాలి. పిండి ముందే వేస్తే అయొడిన్‌ను పట్టుకుని వదలదు. దిగిన ఒక్కో మిల్లీలీటరుకు లీటరుకు 1.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్. థయోసల్ఫేట్ బలం రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి పొటాషియం అయొడేట్‌తో ఆ రోజే సరిచూసుకోవాలి.

వచ్చిన అంకెను ఉప్పుదనం పక్కన పెట్టకుండా చదవకూడదు. 25 డిగ్రీల దగ్గర తీపినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌తో నిండుతుంది, 35 ఉప్పుదనమున్న సముద్రపు నీరు 6.7తోనే. కాబట్టి ఏట్లో 6.7 ఉంటే లోటు, మొగలో అదే 6.7 ఉంటే నిండుకుండ. వేళ కూడా చూడాలి. పగలు నాచు, సూక్ష్మశైవలాలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా అన్నీ పీల్చుకుంటాయి. అట్టడుగు అంకె తెల్లవారే ముందు దొరుకుతుంది. రొయ్యల చెరువుల వాళ్లు ఏరేటర్లు ఆ వేళే తిప్పేది అందుకే. లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చాలా చేపలు ఉండలేవు. మధ్యాహ్నం మూడింటికి కొలిచి బాగానే ఉందనడంలో అర్థం లేదు.

నీటి పారదర్శకతకు సెక్కి పళ్లెం: 20 సెంటీమీటర్లు, నలుపు తెలుపు పావులు, నీడ ఉన్న పక్కన, చలువ కళ్లద్దాలు తీసి, దించేకొద్దీ అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూడాలి. ఇటాలియన్ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి 1865లో సముద్రంలో చేసి చూపిన పరీక్ష, ఇంతకన్నా సులువైనది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

వడపోత మాత్రం సహనానికి పరీక్ష. పత్రహరితం కొలవడానికి 0.7 మైక్రాన్ గాజునార కాగితం గుండా నీరు లాగాలి. సముద్రంలో లీటర్లకు లీటర్లు పోతాయి. ఇక్కడ ఒండ్రు వల్ల 200 మిల్లీలీటర్లకే మూసుకుపోతుంది. పంపు గట్టిగా తిప్పితే కణాలు పగిలి పత్రహరితం కిందికి జారిపోతుంది. ఎంత వడకట్టామో అంతే రాసుకుని ఆపేయాలి. కాగితాన్ని మడిచి రేకులో చుట్టి మంచులో పెట్టాం. తర్వాత 90 శాతం అసిటోన్‌లో చీకట్లో, చలిలో ఒకరోజు నానాలి. రేకు మీద మార్కర్ రాత అసిటోన్ తగిలితే మాయమవుతుంది, పెన్సిలే దిక్కు.

కిందికి వచ్చిన వడపోత నీరు పోషకాలకు. నైట్రేట్, ఫాస్ఫేట్ సీసాలను ముప్పావు వంతే నింపి గడ్డకట్టించాలి. సిలికేట్‌ది గడ్డకట్టించకూడదు, దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని పరీక్షకు అందవు. గాజు సీసాలోనూ పోయకూడదు, గాజే సిలికా కదా. సిలికేట్ మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే అది ఏటి గుర్తు. ఉప్పుదనం ఒక వైపు, సిలికేట్ ఒక వైపు పెట్టి చుక్కలు వేస్తే, ఏటినీరు సముద్రపు నీటితో ఊరకే కలుస్తుంటే సరళరేఖ వస్తుంది. చుక్కలు రేఖ కిందికి వంగితే మధ్యలో ఎవరో తింటున్నారు, సాధారణంగా సిలికా గుల్ల కట్టుకునే సూక్ష్మశైవలాలు, డయాటమ్‌లు. పైకి ఉబ్బితే పక్కనుంచో అడుగునుంచో ఏదో చేరుతోంది. నైట్రేట్‌కూ ఇదే లెక్క. చెరువుల నీరో, ఊరి మురుగో ఎక్కడ కలుస్తోందో ఈ ఉబ్బు దగ్గర పట్టుబడుతుంది. ఉప్పుదనం కొలవని పోషకాల పట్టికతో ఇది కుదరదు.

మలసంబంధ కోలిఫాం, అంటే మురుగు జాడ చెప్పే బాక్టీరియా, నమూనా కోసం క్రిమిరహిత సీసాను మూతి కిందికి ఉంచి నీటిలో 30 సెంటీమీటర్లు ముంచి, ప్రవాహానికి ఎదురుగా తిప్పి నింపాలి, పైన కాస్త గాలికి చోటు వదలాలి. మంచులో పెట్టి ఆరు గంటల్లో ప్రయోగశాలకు చేర్చాలి. ఆ ఆరు గంటలే రోజు మొత్తాన్ని శాసిస్తాయి కాబట్టి వీటిని ఆఖరున, తిరుగు ప్రయాణంలో పట్టాం. స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం 100 మిల్లీలీటర్లకు 500 లోపు, దాటకూడని హద్దు 2500. ఉప్పునీటిలో కోలిఫాంలు త్వరగా చస్తాయి, మొగ దగ్గర తక్కువ అంకె వచ్చిందని మురుగు లేదనుకోకూడదు. అక్కడ ఉప్పునీటిలో ఇంకాస్త ఎక్కువకాలం బతికే మల బాక్టీరియా ఎంటరోకాకై కూడా చూడాలి.

రెండో రోజు అటవీశాఖ అనుమతితో గాడేరు పాయలోకి. గౌతమి నీటిని మడల మధ్యగా కాకినాడ అఖాతంలోకి తీసుకుపోయే పాయ ఇది. దీని చుట్టూ 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం ఉంటుంది. పాటు, అంటే పోటు నీరు వెనక్కి తీయడం, సగం అయ్యాక దిగాం. పూర్తిగా తీశాక దిగితే పడవ బురదలో కూర్చుండిపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. పది మీటర్ల చదరం తాడుతో కట్టి లోపలి ప్రతి చెట్టు మొదలునూ నేలకు 1.3 మీటర్ల ఎత్తున కొలవాలి. ఉప్పుపొన్నకు ఆ ఎత్తు పనికిరాదు, అన్నిటికన్నా పైనున్న ఊతవేరుకు 30 సెంటీమీటర్ల పైన కొలవాలి. మడచెట్ల శ్వాసవేర్లను మీటరు చదరంలో లెక్కపెట్టాం, వాటిని తొక్కకుండా నడవడమే సగం పని. తిల్ల కొమ్మ విరిగితే పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకే ముప్పు, అందుకే అద్దాలు తప్పనిసరి.

అడుగు మట్టికి వాన్ వీన్ గ్రాబ్. నేల తాకగానే దాని కొక్కెం వదులుతుంది, తాడు పైకి లాగుతుంటే రెండు దవడలూ మూసుకుంటూ మట్టిని కొరికి తెస్తాయి. మొదటి రెండుసార్లు దవడల మధ్య నత్తగుల్ల ఇరుక్కుని, పైకి లాగేలోపు మట్టంతా కారిపోయింది. సగం కారిన గ్రాబ్‌ను లెక్కలో వేయకూడదు, తిరిగి దించాల్సిందే. మూడోసారి నిండుగా వచ్చింది: పైన వేలెడు మందం గోధుమరంగు, కింద నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. గోధుమరంగు పొర ఎంత మందముంటే అంత లోతుకు ఆక్సిజన్ దిగుతున్నట్టు, పురుగులు బొరియలతో గాలి ఆడిస్తున్నట్టు. అర మిల్లీమీటరు జల్లెడలో మెల్లగా నీరు పోస్తూ కడిగి, మిగిలినవాటిని ఫార్మలిన్‌లో వేశాం. నీటిధార జోరుగా వదిలితే పురుగులు ముక్కలై, తలలు లెక్కపెట్టడం కుదరదు. పేరుచీటీ పెన్సిల్‌తో రాసి డబ్బా లోపలే వేయాలి.

అఖాతంలోకి బయటపడేసరికి పోటు తిరిగింది. నమూనాలన్నీ నోటుబుక్కుతో సరిచూసుకుంటుంటే ఒక పోషకాల సీసా మీద మజిలీ అంకె ఉంది, లోతు ఉంది, వేళ లేదు. ఆ మజిలీలో రెండుసార్లు ఆగాం, పాటు తీస్తుండగా ఒకసారి, నీరు నిలిచాక ఒకసారి. ఏదో తేల్చుకోలేక దాన్ని పడవ పక్కనుంచి పారబోశాం.